తిరగబెడుతుందేమోనన్న భయంతో రోజులు నెట్టుకురావడం ఎలా?

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అనే నరాల జబ్బు ఉండి, అది మళ్లీ తిరగబెడుతుందేమోనని భయపడేవాళ్ల కోసం ఇది. ఈ రాత్రికి పనికొచ్చేది ముందు చెప్పేస్తాను, మిగతా కబుర్లు తర్వాత.

అరికాలు తిమ్మిరెక్కిందనో, కన్ను మసకేసిందనో ఉలిక్కిపడి లేచి చీకట్లో ఫోన్ తడుముకుంటున్నారా? ఫోన్ బోర్లా పెట్టేయండి. గోడ గడియారం చూసి ఓ కాగితం మీద రాయండి: "రాత్రి 11.40. ఎడమ అరికాలు. తిమ్మిరి." థర్మామీటరు ఉంటే జ్వరం చూసుకోండి. ఈ రెండు రోజుల్లో మూత్రానికి వెళ్లినప్పుడు మంట పుట్టిందా, మాటిమాటికీ వెళ్లాల్సి వస్తోందా అన్నది గుర్తుచేసుకుని అదీ రాయండి. గది ఉక్కగా ఉంటే తడిగుడ్డ మెడకు చుట్టుకుని ఫ్యాను కిందకి జరగండి. గ్లాసుడు చల్లటి నీళ్లు తాగి పడుకోండి. నిద్ర పట్టకపోయినా సరే, నడుం వాల్చండి. రేపు రాత్రి 11.40కి ఆ తిమ్మిరి ఇంకా అలాగే ఉంటే అప్పుడు డాక్టరుకి చెబుదాం.

గడియారం చూస్తూ కూర్చోకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. నిమిషాల్లో మూతి వంకరపోవడం, మాట ముద్దగా రావడం, ఒక పక్క కాలూ చెయ్యీ ఒక్కసారిగా పడిపోవడం మెదడులో రక్తనాళం మూసుకుపోయినప్పుడు కూడా జరుగుతాయి. ఎంఎస్ ఉన్నవాళ్లకి అది రాదని ఎక్కడా రాసిపెట్టి లేదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. గుండెల్లో నొప్పి వచ్చినా అంతే. మూత్రం పూర్తిగా ఆగిపోతే ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి. చూపు బాగా పడిపోయినా, లేచి నిలబడలేకపోయినా అదే రోజు మీ నరాల డాక్టరుకి చెప్పాలి. మిగతావి చాలావరకు ఒక రోజు ఆగుతాయి.

నేను శ్రీకాకుళంలో ఉంటాను, బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని. తొమ్మిదేళ్ల కిందట ఓ పొద్దున్న బొట్టు పెట్టుకుంటుంటే కుడికంటికి కుంకుమ ఇటుకపొడి రంగులో కనిపించింది. కన్ను తిప్పితే లోపల నొప్పి. కళ్లజోడు మారిస్తే పోతుందనుకున్నాను. కళ్ల డాక్టరు నరాల డాక్టరు దగ్గరికి పంపారు, విశాఖలో ఎమ్మారై తీయించారు. చివరికి ఒకాయన రిపోర్టు మీంచి తలెత్తకుండా రెండు నిమిషాల్లో "మల్టిపుల్ స్క్లెరోసిస్" అని చెప్పి తర్వాతి నంబరు పిలిచారు. మెట్లు దిగేసరికే ఆ పేరు సగం మర్చిపోయాను. నేను ఇల్లు చేరేలోపే మా వీధిలో అది "పచ్చవాతమట" అయిపోయింది.

కింద రాసినవన్నీ ఆ తర్వాత ఒక్కొక్కటిగా నేర్చుకున్నవి. భయం పోయే ఉపాయం వీటిలో ఏదీ లేదు. నా భయం నాతోనే ఉంది, కాకపోతే దానికి వేళలు పెట్టాను.

మొదట జబ్బు పేరు ఖాయం చేసుకోండి

పేరు తెలియని జబ్బుకి భయపడటం ఒక రకం, పేరు తప్పుగా తెలిసిన జబ్బుకి భయపడటం మరో రకం. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి పొరపడి మెదడు, వెన్నుపాము, కంటి నరాల్లోని మైలిన్ అనే పొరను కొరికేయడమే ఎంఎస్. 1868లోనే పారిస్‌లో షార్కో అనే వైద్యుడు దీన్ని విడి జబ్బుగా వర్ణించాడు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది, మగవాళ్ల కంటే ఆడవాళ్లకి రెండింతలకు పైగా వస్తుంది. అంటుకోదు. పక్షవాతం కాదు. సుమారు 85 శాతం మందికి మొదట్లో వచ్చిపోయే రకమే ఉంటుంది: కొన్నాళ్లు తిరగబెట్టి, పూర్తిగానో కొంతో తగ్గి, మళ్లీ నెలలో ఏళ్లో ఊరుకుంటుంది. కొద్దిమందికి మొదటి నుంచీ మెల్లగా పెరిగే రకం వస్తుంది. మీది ఏ రకమో డాక్టరుని అడిగి తెలుగులో రాసుకోండి.

ఇంకో ప్రశ్న కూడా అడగండి: "ఆక్వాపోరిన్-4, మాగ్ (MOG) యాంటీబాడీ పరీక్షలు చేశారా? నాకు అవసరమా?" కంటి నరాన్నీ వెన్నుపామునీ దెబ్బతీసే ఎన్‌ఎంవో అనే జబ్బు చూడటానికి ఎంఎస్ లాగే ఉంటుంది గానీ మందులు వేరు. ఎంఎస్‌కి ఇచ్చే మందుల్లో కొన్ని దానికి చేటు చేస్తాయి. అడిగితే డాక్టరు ఏమనుకుంటారో అన్న మొహమాటం ఈ ఒక్క చోట వద్దు.

తర్వాత 24 గంటల లెక్క నేర్చుకోండి

నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఇదే, అందుకే కాస్త సాగదీస్తాను.

మొదటి రెండేళ్లూ నేను నా ఒంటికి కాపలా కాశాను. పొద్దున్న లేవగానే పది వేళ్లూ కదిపి చూసుకోవడం, ఒక కన్ను మూసి క్యాలెండరు అంకెలు చదవడం, బడిలో సుద్దముక్క జారితే గుండె జారడం. అలా వెతికితే ఏ ఒంట్లోనైనా ఏదో ఒకటి దొరుకుతుంది. మఠం వేసుకుని కూర్చుంటే ఎవరి కాలైనా తిమ్మిరెక్కుతుంది, కానీ నాకది తిరగబెట్టినట్టే అనిపించేది.

డాక్టర్లకి దీనికో కొలత ఉంది. కొత్త లక్షణం గానీ, పాతది బాగా పెరగడం గానీ కనీసం 24 గంటలు ఆగకుండా ఉండాలి. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉండకూడదు. వెనకటి దాడి మొదలై కనీసం 30 రోజులు అయి ఉండాలి. అప్పుడే దాన్ని కొత్తగా తిరగబెట్టినట్టు లెక్క వేస్తారు. అరగంట ఉండి పోయేవి, పొద్దున్న వచ్చి స్నానం చేశాక తగ్గేవి ఇందులోకి రావు. అసలు దాడి కూడా ఒక్క క్షణంలో మీద పడదు, సాధారణంగా గంటల మీద, రోజుల మీద పెరుగుతుంది. కాబట్టి పైన చెప్పిన అత్యవసరాలు కాకపోతే ఒక రోజు ఆగి చూసినంత మాత్రాన కొంపలు మునగవు.

జ్వరం వస్తే, మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే ఈ జబ్బు మెదడులో, వెన్నుపాములో మిగిల్చిన పాత మచ్చల తాలూకు లక్షణాలే మళ్లీ పైకి తేలతాయి. కాళ్లు బరువెక్కుతాయి, చూపు మసకేస్తుంది, అచ్చం తిరగబెట్టినట్టే ఉంటుంది. కానీ అది ఉత్త నీడ. ఇన్ఫెక్షన్ తగ్గితే అదీ తగ్గుతుంది. అందుకే డాక్టరుకి ఫోన్ చేసేముందు మూత్ర పరీక్ష చేయించుకోండి, దాదాపు ప్రతి ల్యాబులోనూ చేస్తారు. ఒకసారి కాళ్లు ఈడ్చుకుంటూ విశాఖ దాకా, అంటే వంద కిలోమీటర్ల పైమాట, వెళ్లి తేల్చుకున్నదేమిటంటే నాకున్నది మూత్రంలో ఇన్ఫెక్షన్ అని. ఆమదాలవలసలో రైలెక్కకముందే తెలిసేది.

ఓ వంద పేజీల నోటుబుక్కు కొనండి. ఒక్కో లక్షణానికి ఒక్క వరస: ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, జ్వరం, నిద్ర, ఎండలో తిరిగానా, ఎప్పుడు పోయింది. చివరి గడి ముఖ్యం, దాన్ని నింపడం మానొద్దు. మూడు నెలల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే "పోయింది" అన్న మాట ఎన్నిసార్లు రాశారో మీ కళ్లతో మీరే చూస్తారు. ఏ డాక్టరు చెప్పినా నమ్మని నా మనసు నా చేతిరాతని నమ్మింది.

భయం కూడా తిమ్మిరి తెస్తుంది

గుండె దడదడలాడుతూ పైపైన ఊపిరి తీస్తే పెదాల చుట్టూ, వేలి కొసల్లో చీమలు పాకినట్టవుతుంది. తల తేలిపోతుంది. అది ఎంఎస్ పని కాదు, ఎక్కువ గాలి పీల్చి వదలడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి వచ్చేది. ఆ తిమ్మిరి చూసి ఇంకా భయపడతాం, ఊపిరి ఇంకా వేగమవుతుంది.

దీన్ని ఆపాలంటే పీల్చడం గురించి ఆలోచించకండి, వదలడం పొడిగించండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టి తీసి, వేడి టీ మీద ఊదినట్టు పెదాలు సున్నా చుట్టి ఏడెనిమిది అంకెల దాకా వదలండి. పది సార్లు. అంకెలు బోర్ కొడితే ఏడో ఎక్కం చదువుకోండి, నేనదే చేస్తాను. అయిదు నిమిషాల్లో వేలి కొసలు మామూలైతే అది భయం తెచ్చిందే. నోటుబుక్కులో అలాగే రాయండి.

మెడ వంచితే వెన్నులో కరెంటు పాకినట్టు ఝల్లుమనడం, ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్టు ఉండటం మాత్రం ఎంఎస్‌లో నిజంగానే వస్తాయి. ఛాతీ బిగింపు మొదటిసారి వస్తే గుండె పరీక్ష చేయించుకున్నాకే దాన్ని ఎంఎస్ ఖాతాలో వేయండి.

ఎండతో ఒప్పందం

ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా కొందరికి పాత లక్షణాలు పైకి తేలతాయి. 1890లో జర్మన్ కళ్ల వైద్యుడు ఉట్‌హాఫ్ దీన్ని రాసిపెట్టాడు. చల్లబడితే తగ్గిపోతుంది, దీనివల్ల కొత్తగా నరం చెడదు. ఈ చివరి మాట మరోసారి చదవండి. ఎందుకంటే నాగావళి ఒడ్డున మే నెల ఉక్కలో ఉండే మనకి నాలుగు నెలల పాటు ఇది రోజూ జరుగుతుంది.

అరసవల్లి సూర్యనారాయణస్వామికి కళ్లు బాగుచేసే దేవుడని పేరు. నా కన్ను మసకేసినప్పుడు మా అత్త మొక్కుకున్నదీ అక్కడికే. రథసప్తమి క్యూలో జనం మధ్య గంటసేపు నిలబడేసరికి ఆ కన్నే మళ్లీ మసకేసింది. ఆరోగ్యం ఇచ్చే దేవుడూ ఆయనే, నాకు పడని వేడీ ఆయనదే. ఇప్పుడు పండగలు లేని రోజు చూసుకుని, తెల్లవారి తలుపులు తీసే వేళకి వెళ్తున్నాను. మొక్కు మానలేదు, వేళ మార్చానంతే.

మీరూ పనుల వేళలు అలాగే మార్చుకోండి. బజారు ఎనిమిదిలోపు. పొయ్యి దగ్గర పని రెండు విడతలు. డాబా మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి కాబట్టి పొద్దున్నే ఓ బకెట్టు పట్టి నీడలో ఉంచుకోండి, కరెంటు పోయినప్పుడు మెడకి, మణికట్లకి ఆ నీళ్లే. చోడి (రాగి) అంబలో, మజ్జిగో దగ్గర పెట్టుకోండి. వేడికి భయపడి నడక, వ్యాయామం పూర్తిగా మానేయడం మాత్రం తప్పు. కండ చిక్కిపోతే నడక ఇంకా కష్టమవుతుంది.

పదేళ్ల తర్వాత సంగతికి: "రేపు రా"

ఇప్పటిదాకా చెప్పిన భయాలకి ఏదో ఒక జవాబుంది. "పదేళ్లకి నేను నడవగలనా?" అన్నదానికి లేదు. మీ డాక్టరు దగ్గర లేదు, ఏ యంత్రం దగ్గరా లేదు. ఇద్దరికి ఒకేలాంటి స్కాన్ ఉన్నా ఒకరు నాట్లు వేస్తుంటారు, ఒకరు కర్ర పడతారు. అందుకే దీన్ని వేరే పద్ధతిలో చూడాలి.

మా చిన్నప్పుడు ఊళ్లో తలుపుల మీద బొగ్గుతోనో సుద్దతోనో "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారు. రాత్రి తలుపు తట్టే దెయ్యం అది చదువుకుని వెళ్లిపోతుందట, మర్నాడొస్తే మళ్లీ అదే రాత. దెయ్యం సంగతేమో గానీ భయానికి ఈ రాత పనిచేస్తుంది. మానసిక వైద్యులు కూడా చింతకి రోజులో ఒక వేళ కేటాయించమంటారు, పద్ధతి దాదాపు ఇదే.

రోజూ సాయంత్రం ఆరింటికి ఇరవై నిమిషాలు పెట్టుకోండి. పడుకునే ముందు మాత్రం వద్దు. ఒకే చోటు, ఒకే కుర్చీ. నాది డాబా మీద, చింతచెట్టు వైపు. రోజంతా ఎప్పుడు భయం వచ్చినా "సాయంత్రం ఆరింటికి రా" అని ఓ మాట రాసుకుని చేతిలో పని చేసుకోండి. ఆరింటికి నోటుబుక్కు తెరిచి రాసుకున్నవన్నీ చదవండి. ఒక్కోదాని పక్కన "ఈ వారం నేను చెయ్యగలిగింది ఉందా?" అని చూడండి. "మందు ఇరవై రోజుల్లో అయిపోతుంది" అన్నదానికి ఉంది: రేపు ఫోన్ చెయ్యాలి. "పిల్ల పెళ్లినాటికి ఎలా ఉంటానో" అన్నదానికి లేదు: అడ్డగీత గీయండి. అడ్డగీత పడ్డవాటికి జవాబు వెతకొద్దు, ఉండనివ్వండి. ఇరవై నిమిషాలయ్యాక కుర్చీ మడిచి కిందకి దిగండి. ఏడుపొస్తే ఏడవండి, అది కూడా ఆ ఇరవై నిమిషాల పనే.

మొదటి వారం నవ్వులాటగా ఉంటుంది. భయం ఆరింటిదాకా ఆగదు. మూడో వారానికి కొన్ని సాయంత్రాలు కుర్చీలో కూర్చున్నాక ఏం రాయాలో తోచక కొంగలు లెక్కపెట్టుకున్నాను.

అడ్డగీతల్లో నాకు పెద్దది చేతికర్ర. కర్ర పట్టుకున్నరోజు ఓడిపోయినట్టే అనుకునేదాన్ని. మూడేళ్ల కిందట మడత కర్ర ఒకటి కొని సంచిలో దాచాను. దానితోనే ఓ ఆదివారం కళింగపట్నం ఇసకలో నీళ్ల దాకా నడిచాను. కర్ర లేకపోతే ఆ రోజు కారులోనే కూర్చునేదాన్ని.

తుఫాను కాగితం రాసుకోండి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా జిల్లాలోని ఉద్దానం మీద పడ్డప్పుడు, ముందురోజే కొవ్వొత్తులు, బియ్యం, ఛార్జింగు చూసుకున్న ఇళ్లకీ చూసుకోని ఇళ్లకీ తేడా ఏమిటో ఈ జిల్లాలో ఒకరు చెప్పక్కర్లేదు. కొబ్బరిచెట్లు రెండిళ్లలోనూ పడిపోయాయి.

తిరగబెట్టినప్పుడు ఎవరేం చెయ్యాలో ఒంట్లో బాగున్న రోజున ఒక్క పేజీలో రాయండి. ఏ ఆస్పత్రి, ఏ డాక్టరు, ఏ నంబరు. వెంట ఎవరు వస్తారు, వాళ్లకి కుదరకపోతే ఇంకెవరు. పిల్లలు ఎవరింట్లో పడుకుంటారు. పాత ఎమ్మారై సీడీలు, ఫిల్ములు, డిశ్చార్జి కాగితాలు ఉన్న సంచి ఎక్కడుంది. ఇప్పుడు వాడుతున్న మందుల పేర్లు, ఏవి పడవో. చేతిలో ఉంచుకున్న డబ్బు ఎంత. సెలవు ఎవరికి చెప్పాలి. దాన్ని బీరువా తలుపు లోపల అంటించి, ఫోటో తీసి ఇద్దరికి పంపండి. రాసినరోజు నాకు దుఃఖం వచ్చింది, నిజం. ఆ రాత్రే చాన్నాళ్ల తర్వాత ఒళ్లెరగకుండా నిద్రపోయాను.

డబ్బు సంగతి కూడా ఇందులోనే తేల్చుకోండి. ఆస్పత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని మీ కార్డుకి ఏ చికిత్స వర్తిస్తుందో, ఏది వర్తించదో అడగండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు విడిగా ఉంది. వైకల్యం ఎంతో తేల్చే సదరం పరీక్షలో 40 శాతం, ఆ పైన తేలితే చాలా సదుపాయాలు అందుతాయి. మీ గ్రామ, వార్డు సచివాలయంలో ఆ పరీక్ష స్లాటు గురించి అడగండి. బయటికి బాగానే కనిపిస్తారు కాబట్టి అక్కడ ఎవరైనా "నీకేటయ్యిందమ్మా?" అంటే నొచ్చుకోకుండా ఫైలు చూపించండి.

మందులు ఖరీదని, బాగానే ఉన్నాను కదా అని డోసు మధ్యలో మానేయకండి. ఇప్పుడున్న మందులు పాత మచ్చల్ని చెరపడానికి కాదు, కొత్తవి రాకుండా అడ్డుకోవడానికి. మిమ్మల్ని బాగుండనివ్వడమే వాటి పని. ఖర్చు భరించలేకపోతే అదే మాట డాక్టరుతో చెప్పండి, మందు మార్చే దారులు ఉంటాయి.

స్టెరాయిడ్ పెట్టిన రోజులు

దాడి గట్టిగా ఉంటే మిథైల్ ప్రెడ్నిసొలోన్ రోజుకో గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు సెలైన్‌లో ఎక్కిస్తారు. త్వరగా కోలుకోవడానికి అది. ఆ రోజుల్లో నోట్లో ఇనుప రుచి, నిద్ర పట్టకపోవడం, గుండె దడ, ఉన్నట్టుండి కోపం, ఏడుపు రావచ్చు. అదంతా మందు మాట్లాడటం. ఆ వారంలో ఉద్యోగం మానేస్తానని, పొలం అమ్మేస్తానని ఎవరికీ మాట ఇవ్వకండి. షుగరు ఉంటే ముందే చెప్పండి.

స్కాన్ వారం

స్కాన్‌కి ముందు వారం, తర్వాత రిపోర్టు వచ్చేదాకా ఒళ్లు ఎవరిదో అన్నట్టుంటుంది. పాత సీడీ తప్పకుండా పట్టుకెళ్లండి, పోల్చి చూడకపోతే కొత్త స్కాన్ సగమే పనికొస్తుంది. రిపోర్టు ఏ రోజు, ఎన్నింటికి వస్తుందో కౌంటర్లో అడిగి రాసుకోండి. వచ్చాక మీరు చదవకండి. మచ్చల లెక్కకీ మనిషి పడే బాధకీ ముడి ఉన్నట్టే ఉంటుంది గానీ గట్టి ముడి కాదు. చాలా మచ్చలున్నా తిరుగుతున్నవాళ్లున్నారు, వెన్నులో ఒక్క మచ్చతో మంచం పట్టినవాళ్లూ ఉన్నారు. డాక్టరుని అడగాల్సినవి మూడే: కొత్త మచ్చ ఉందా, స్కాన్ కోసం రంగు మందు ఎక్కించినప్పుడు ఏ మచ్చైనా వెలిగిందా, మందు మార్చాలా.

ఊరి నోళ్లకి ఒక గీత

చిల్లంగి పెట్టారన్నారు. గాలి సోకిందన్నారు. పసరు తాగమన్నారు, పక్క జిల్లాలో ఎవరో పొడి ఇస్తారన్నారు. మొదట్లో ప్రతివాళ్లతో వాదించి అలిసిపోయేదాన్ని. ఇప్పుడు నాదొక్కటే సూత్రం: ఒంటి చుట్టూ తిప్పి పారేసేది ఏదైనా తిప్పుకోనిస్తాను, నోట్లోకి వెళ్లేది మాత్రం డాక్టరుని అడిగాకే. మా అత్త ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో వేస్తే ఆవిడ భయం కొంచెం తగ్గుతుంది, ఆవిడ భయమూ భయమే కదా.

"పిల్లలకొస్తుందేటి?" అని అడుగుతారు. నేరుగా తల్లి నుంచి బిడ్డకి దిగే జబ్బు కాదు. పాశ్చాత్య దేశాల లెక్కల్లో తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం నూటికి రెండు మూడు. మిగతా 97 మాట కూడా చెప్పండి. గర్భం ధరించొచ్చు, చివరి మూడు నెలల్లో దాడులు తగ్గడం, కాన్పయ్యాక మొదటి మూడు నెలల్లో కొంచెం పెరగడం మామూలు. కాకపోతే కొన్ని మందులు ముందే ఆపాలి కాబట్టి నెల తప్పకముందే డాక్టరుతో మాట్లాడాలి.

మనసు మరీ కుంగిపోతే

రెండు వారాలుగా దేని మీదా ఇష్టం లేకపోవడం, తిండి సహించకపోవడం, తెల్లవారుజామున మెలకువ వచ్చి పడుకోలేకపోవడం ఉంటే అది ఆరింటి కుర్చీతో తీరేది కాదు. ఎంఎస్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటు వస్తుంది, అందులో కొంత మెదడులోని జబ్బు పనే. మన గుండెధైర్యం చాలకపోవడం వల్ల వచ్చింది కాదు. దానికి మందులున్నాయి, మాటలతో చేసే చికిత్స ఉంది, రెండూ పనిచేస్తాయి. 14416 టెలీ మానస్ నంబరు, డబ్బులు పడవు, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకడం దండగ అన్న ఆలోచన వస్తే ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి, పక్కనున్నవాళ్లని లేపి ఆ మాట పైకి చెప్పండి.

ఇంట్లోవాళ్లు చదవాల్సింది

ఇది మీ ఇంట్లోవాళ్లకి చదివి వినిపించండి. "ఏటీ అవదులే" అనకండి. అది మీకు తెలీదు, తెలీదని మాకూ తెలుసు. "మా బాబాయి గారి తోడల్లుడికీ ఇదే..." అని మొదలుపెట్టి చివర ఆయన పోయాడని చెప్పకండి. చేతిలో గ్లాసు లాక్కోకండి, పడేస్తే మేమే తుడుచుకుంటాం. నీరసం అన్నప్పుడు బద్ధకం అనుకోకండి. ఈ జబ్బులో నీరసం నిద్రపోతే తీరేది కాదు.

మా తమ్ముడు రాజాంలో ఉంటాడు. మొదట్లో నేను ఫోన్ చేసి గొంతు వణికితే చాలు, "అప్పా, ఏటయ్యింది, వచ్చెత్తన్నాను" అని బండి తీసేవాడు. వాడి కంగారు చూసి నా కంగారు రెట్టింపయ్యేది. తర్వాత వాడికీ ఓ కాగితం పంపాను. ఇప్పుడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినా ముందు అడిగేది ఒకటే: "ఎన్నింటికి మొదలైందప్పా? జొరం సూసుకున్నావేటి?"